పొయ్యికి నలుగురు

మొన్న పొద్దున జనగామ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి "అన్న పోయిండు" అన్నారు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. మంట ఆపేశాను. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు కదా. పోయినవారు మా బావగారు, మా ఆయనకు పెద్దన్న. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. నేను కాపురానికి వచ్చిననాటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఆయన నా వంటే తిన్నారు.

పోయినవాళ్ల గురించి మంచి మాటలే రాయాలంటారు. నాకు ఆయనంటే ఇష్టం ఉండేది కాదు. ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చిందని రాయలేను. మొదటి ముద్దకే "ఉప్పు ఎక్కువైంది" అనేవారు. తగ్గించి వండినా అదే మాట. పేపరు ఆయన చదివి మడత పెట్టేదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో ఏ మాట వచ్చినా దాన్ని పట్టుకుపోయి ఇంగ్లండులో దించేవారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఈ ఇంగ్లండు గొడవ నాకు ఒళ్లు మండించేది. ఊరంతా రోడ్ల మీద ఉంటే ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ఫ్రాన్సు విప్లవం చెప్పేవారు. అక్కడి జనం రాజు తల తీశారు. ఆ వార్త సముద్రం దాటేసరికి లండన్ సర్కారుకు వణుకు పుట్టింది. లండన్‌లో చెప్పులు కుట్టేవాళ్లూ, బట్టలు నేసేవాళ్లూ అడిగింది ఓటు మాత్రమే. అయినా వాళ్లను ఫ్రాన్సు మనుషులన్నారు. విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారం తెచ్చుకున్నారు. యాభైమందికి మించి సభ పెడితే ముందు అధికారికి చెప్పాలన్నారు. ప్రతిపక్షంలో చాలామంది పోయి సర్కారు పక్కన కూర్చున్నారు. ఓటు సంగతి ఒక తరం వెనక్కి పోయింది.

"మంట పక్కింట్ల లేస్తె మనింట్ల దీపం గూడ ఆర్పుతరు" అనేవారు. "సర్కారు కోపానికి గాదు, దాని భయానికి భయపడాలె."

ఆ రోజుల్లోనే మా కాలనీ ఆడవాళ్లం కొడకండ్ల పోయే రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తిని, బండ్లు ఆపాలి. ఎవరు బియ్యం తేవాలో, ఎవరు అన్నం వండే గంజు తేవాలో అన్నీ నేనే పంచాను. సరిగ్గా అప్పుడు పోలీసు జీపు తిరిగి, నలుగురికి మించి గుమిగూడితే పట్టుకుపోతామని మైకులో చెప్పింది. పక్క కాలనీ వాళ్లు మానుకున్నారు. మేమూ మానుకుంటే మా కాలనీ గడప దాటకుండానే ఉద్యమం అయిపోతుంది. నాకు ఆ బాధ పట్టుకుంది.

బావగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"ఈ ఇంటి ఆడోళ్లు పోవుడు లేదు. జైల్ల ఏస్తె ఎవలు ఇడిపిస్తరు?"

"మరి మీ లండనోళ్లు ఏం జేసిండ్రు బావా? తలుపులు వెట్టుకొని పండిండ్రా?"

పాఠం అడిగితే ఆయన కోపం మరిచిపోయేవారు. "యాభైకి తక్కువ గుంపులు గుంపులుగ ఇడిపోయిండ్రు. ఒకాయననైతె సర్కారు మీద ఉపన్యాసం ఇయ్యద్దన్నరు. పాత రోము కథ జెప్త అన్నడు. ఇననీకి వచ్చినోళ్లకు అది ఎవల కథనో సమజైంది."

"అయితె మాది మీటింగు గాదు, వంట. పొయ్యికి నలుగురం."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను జెప్పింది హెచ్చరిక! ఉపాయం గాదు!"

"ఇన్నోళ్లకు ఏది గావాల్నో అదే ఇనబడ్తది" అని ఆయన పక్కనుంచి దాటి పోయాను.

రోడ్డు పొడవునా దూరం దూరంగా పొయ్యిలు పెట్టాం. మూడు రాళ్లు, ఒక గంజు, నలుగురు ఆడవాళ్లు. బస్సులు ఆగిపోయాయి. ఎస్సై మా పొయ్యి దగ్గరికి వచ్చి "మీ లీడరెవలు?" అన్నాడు.

"పొయ్యికి లీడరుంటదా సారూ?" అంది నా పక్కనున్న దర్జీ ఇంటి అక్క. "జర జరుగుండ్రి సాబ్, పొగ కండ్లల్ల వడ్తది."

అందరూ నవ్వారు. అతను గంజును తన్నడానికి బూటు ఎత్తాడు. అప్పుడే బావగారు గొడుగు పట్టుకుని వచ్చారు. మమ్మల్ని లేపుకుపోవడానికే వచ్చారనుకున్నాను. ఎస్సై కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. "పెద్దమనిషీ, మీరన్న జెప్పుండ్రి" అన్నాడు.

బావగారు దూరంగానే ఆగారు. "ఏం జెప్పాలె? మీ మైకు జెప్పినట్టే నలుగురున్నరు. నేను దగ్గెరికి వోతె ఐదుగురైతరు. గందుకే గీడ నిలవడ్డ."

ఎస్సై అవతలి పొయ్యి వైపు చూశాడు. అక్కడా నలుగురే. బూటు నేల మీద పెట్టి, జీపు వైపు నడిచాడు.

అన్నం ఉడికాక పళ్లెం తీసుకుపోయి మాకూ ఆయనకూ మధ్య రోడ్డు మీద పెట్టి వచ్చాను. బావగారు వచ్చి తీసుకుని మళ్లీ వెనక్కి పోయి, గొడుగు మడిచి చంకన పెట్టుకుని ఎండలో నిలబడే తిన్నారు. అంత దూరం నుంచి అరిచారు: "ఉప్పు ఎక్కువైంది!"

రోడ్డంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంటికొచ్చాక కూడా ఒప్పుకోలేదు. "నేను మీ పక్షాన రాలే. కానూను పక్షాన వచ్చిన" అన్నారు. రాష్ట్రం వచ్చిన రోజు లడ్డూ పెడితే కొరికి, "ఇగ మన సర్కారొస్తది. గదీ ఒకనాడు భయపడ్తది. గా పొయ్యి రాళ్లు పారేయకుండ్రి" అన్నారు. ఊరంతా పండుగ చేసుకుంటున్న రోజున అనాల్సిన మాటేనా అది? ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. మాట మాత్రం మరుపు రాదు. రాళ్లు మా పెరట్లోనే ఉన్నాయి.

మొన్న మధ్యాహ్నం మా ఇంటిల్లిపాదికీ దర్జీ ఇంటి అక్కే అన్నం వండి తెచ్చింది. ఎవరం ముట్టలేదు. పాడె లేచింది. ఆడవాళ్లం గేటు దగ్గరే ఆగిపోయాం. నలుగురు భుజాలకెత్తుకున్నారు. ఆనాడు ఎండలో దూరంగా నిలబడ్డ మనిషి ఆ నలుగురి మధ్య ఐదోవారై కొడకండ్ల రోడ్డెక్కారు. బస్సులు ఆగి దారిచ్చాయి.