వేళ్ళతో తిప్పాకే పానా

మా అక్కకు అన్నిటికీ అనుమానమే. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగుతుంది. బావ ఆమెను 'ఇన్‌స్పెక్టరమ్మ' అని పిలిచేవాడు. నలుగురూ ఉన్నప్పుడు ఆ పిలుపు ఇంకాస్త గట్టిగా వినబడేది. అక్క మూతి ముడుచుకునేదే తప్ప అలవాటు మానలేదు.

ఆ అనుమానమే ఆమెకు అన్నం పెట్టింది. నాన్న పోయాక ఆయన షెడ్డు అక్క చేతికొచ్చింది. అక్కడికి వచ్చేవన్నీ బ్రిటన్‌లో తయారైన పాత జీపులే. వాటితో వచ్చిన తలనొప్పి ఇంతా అంతా కాదు. ముందు వచ్చిన జీపుకు అంగుళానికి పద్దెనిమిది మరలున్న బోల్టు వాడితే, కొన్నేళ్ళ తర్వాత వచ్చిన జీపుకు అదే లావులో ఇరవై మరలున్నది వాడారు. చూడ్డానికి రెండూ కవల పిల్లలు. దీని నట్టు దానికి పెడితే రెండు చుట్లు బుద్ధిగా తిరిగి బిగుసుకుంటుంది. పానాతో బలవంతం చేస్తే ఇంకొంచెం ఎక్కుతుంది. మనం బాగా బిగిసిందని మురిసిపోతాం. లోపల మాత్రం మరలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. కుదుపులకు ఏదో ఒకనాడు ఊడిపోతుంది.

అందుకే అక్క ముందుగా దువ్వెనలాంటి గేజిని బోల్టుకు ఆనించి కిటికీ వైపు పట్టుకుంటుంది. సందుల్లోంచి వెలుతురు కనబడితే ఆ కొలత కాదన్నమాట. తర్వాత నట్టును చివరిదాకా వేళ్ళతోనే తిప్పుతుంది. "వేళ్ళకి తెలిసేది పానాకి తెలీదే," అనేది నాతో. ఆ షెడ్డులో అదే చట్టం.

ఒకరోజు ఆ చట్టం తప్పింది. రేకు కోసుకుని అక్క కుడిచేతి వేళ్ళకు కట్టు ఉంది. బావ జీపూ, దానికంటే కొత్తదైన ఇంకొకరి జీపూ పక్కపక్కనే ఉన్నాయి. రెండిటి నట్లూ, ముందు చక్రాలను తిప్పే స్టీరింగు ఆర్మువి, ఒకే గిన్నెలో, కిరసనాయిల్లో నానుతున్నాయి. బావ కొండమీది ఆస్పత్రికి మందులు చేర్చి, అక్కడున్న ఒక రోగిని కిందికి తీసుకురావాలి. "ఇన్‌స్పెక్టరమ్మా, ఇవాళే అవుతుందా?" అని హారన్ మీద హారన్ కొట్టాడు. అక్క నట్లు గుప్పెట్లోకి తీసుకుని, ఏ నట్టుకైనా సర్దుకునే పానా పట్టుకుని మొదటి చుట్టునుంచీ దానితోనే బిగించేసింది.

మధ్యాహ్నం రెండో జీపుకు మిగిలిన నట్లలో ఒకటి ఎడమచేత్తో ఎక్కించబోయింది. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. గోడకు వేలాడే పద్దెనిమిది మరల నమూనా బోల్టుకు పెట్టి చూసింది. చివరిదాకా జారుకుంటూ వెళ్ళింది.

"ఇది ఆయన బండిదే. నేనెంత పని చేశానే!" అంది.

ఫోన్ కలవలేదు. కొండ ఎక్కితే ఎవరి ఫోనూ పలకదు. బోల్టులూ, నట్లూ, పానాలూ సంచిలో వేసుకుని నా స్కూటరెక్కింది.

"తొందరగా పోవే," అనేది. మలుపు రాగానే, "ఆగు, ఆగు," అని దిగి లోయలోకి తొంగిచూసేది. ఏమీ కనబడకపోతే ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కేది. నేను తర్వాతి మలుపు రాకూడదని మనసులో దండాలు పెట్టుకున్నాను.

కొండమీద, దిగుడు మొదలయ్యేచోట జీపు కనబడింది. దానికిందనుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. అక్క కేక పెట్టింది.

కాళ్ళు కదిలాయి. బావ బయటికి పాకి వచ్చాడు. "అరవకు, బతికే ఉన్నా. నట్టు వదులైంది."

జీపులో పడుకున్న ముసలాయన తల పైకెత్తాడు. "నాకు కాలొకటే విరిగిందమ్మా. మెడ కూడా విరగ్గొట్టించుకోమంటారా?"

అక్క ఆయన మాట వినిపించుకోలేదు. "మీకెలా తెలిసింది?" అని బావనడిగింది.

"కొండ దిగేముందు నట్ల మీద చెయ్యిపెట్టి చూడమంటావుగా."

"చూస్తారా?"

"రోజూ చూస్తాను."

"మరి ఇన్నేళ్ళూ నలుగురిలో నన్నెందుకు నవ్వులపాలు చేశారు?"

బావ తల వంచుకుని చేతి గ్రీజు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆ చెయ్యి శుభ్రం కాలేదు.

అక్క వేళ్ళ కట్టు విప్పేసి జీపు కిందికి దూరింది. కొరుక్కుపోయిన బోల్టులు తీసి, మంచివి పెట్టి, ఒక్కొక్క నట్టునూ చివరిదాకా వేళ్ళతోనే తిప్పింది. గాయం చిట్లి నెత్తురు కారింది. నేను ఆపబోతే కసిరింది. అన్నీ ఎక్కాక, "పానా," అని చెయ్యి చాపింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని అందించాడు.

ఆమె బయటికొచ్చాక బావ సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్టు చేశాడు. మళ్ళీ ఆపేసి దిగాడు.

"మళ్ళీ ఒకసారి చూడవా?" అన్నాడు, ముసలాయన వింటుండగానే.

అక్క మళ్ళీ దూరి చూసి వచ్చింది. ఆ తర్వాత బావ కూడా వంగి, ఒక్కొక్క నట్టు మీదా చెయ్యిపెట్టి చూశాడు. ఈసారి మా అందరి కళ్ళముందే చూశాడు.