కింది రెప్ప బాబాయి

మా బాబాయికి మనిషి కనిపిస్తే నమస్కారం పెట్టే అలవాటు లేదు. కింది కనురెప్ప లాగి చూసే అలవాటు ఉంది. లోపల ఎర్రగా ఉంటే "బతికిపోయావు, వెళ్ళు!" అని తీర్పు చెప్పేవాడు. తెల్లగా ఉంటే పెదవి విరిచి ఊరుకునేవాడు. ఆ మౌనానికే జనం ఎక్కువ జడిసేవారు.

పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు రెప్ప లాగాడు. పరామర్శకు వెళ్తే, అలవాటు కొద్దీ, పోయినాయన వైపే చెయ్యి చాచాడు. "ఇంకా దేనికి బాబాయ్?" అని నేను బయటికి లాక్కొచ్చాను. మబ్బు పట్టిన రోజున కూడా మా వీధివాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకునే తిరిగేవారు. పైగా ఆయన వేళ్ళు వణికేవి. రెప్ప కోసం బయల్దేరిన వేలు ముక్కులో దిగిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు.

ఆయనా నేనూ థర్మామీటర్ల కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. గాజు గొట్టాల్లో పాదరసం నింపే గదికి ఆయన మేస్త్రి. ఓసారి మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఈ గది గాలి మనుషుల రక్తం తాగేస్తోందండీ. మనవాళ్ళ రెప్పలు తెల్లబడుతున్నాయి" అన్నాడు.

"నువ్వు మేస్త్రివా, కంటి డాక్టరువా?" అని మేనేజరు ఆయన్ని సగౌరవంగా సాగనంపాడు.

అది మొదలు బాబాయి బుద్ధి వక్రించిందని మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ గదిలో ఎవడి రెప్ప చూసి పెదవి విరిస్తే, మర్నాడే వాడి మీద ఫిర్యాదు: "వీడి చేతిపని చెత్త. ప్యాకింగులో పారెయ్యండి!" సొంత అన్న కొడుకునైనా నన్నూ వదల్లేదు.

"నేనేం పాపం చేశాను బాబాయ్?"

"నీ మొహం నాకు నచ్చలేదురా. ఫో!"

చివరికి అందరి పనీ నెత్తికెత్తుకుని, ఆ గదిలో ఆయనొక్కడే మిగిలాడు. మధ్యాహ్నం మేమంతా ఒకే బల్ల దగ్గర చేరి ఆయన్ని తిట్టుకుంటూ తినేవాళ్ళం. ఆయన అద్దాల తలుపు అవతల, గోడవైపు తిరిగి తినేవాడు. లాగడానికి రెప్ప దొరక్క గిడ్డంగి పిల్లిని పట్టుకునేవాడు. కొన్నాళ్ళకి పిల్లి కూడా రావడం మానేసింది.

ఒకరోజు చేతిలో గొట్టంతోనే కూలిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయనతో పాటు మా అందరి రక్తమూ పరీక్ష చేయించింది.

"ఏళ్ళ తరబడి పాదరసం ఆవిరి పీల్చి ఈయన రక్తం బాగా పలచబడింది. మీకేం ఫరవాలేదు. ఎవరో మిమ్మల్ని వేళకి ఆ గదిలోంచి బయటికి లాగినట్టున్నారు. ఎవరాయన?"

మేమంతా మంచం వైపు తిరిగాం.

నేను మంచం దగ్గరికి వెళ్ళి బాబాయి కింది రెప్ప లాగాను. సున్నం కొట్టిన గోడలా ఉంది.

"మరి నీది ఎవరు చూశారు బాబాయ్?"

"అద్దంలో చూసుకుందామంటే చెయ్యి వణికి కన్ను పొడుచుకున్నానురా. ఇంకొకణ్ణి అడుగుదామంటే గదిలో ఎవడున్నాడు? అందర్నీ నేనే తరిమేస్తిని!"

డాక్టరమ్మ రాసిన రిపోర్టుతో ఆ గదికి తాళం పడింది. బాబాయి మంచం ముందు మాత్రం రోజూ ప్యాకింగు విభాగమంతా వరస కట్టేది. ఒక్కొక్కరే వచ్చి, రెప్ప లాగి, గంభీరంగా తల పంకించి వెళ్ళేవారు.

"కళ్ళు ఊడొస్తాయిరా, మీ దుంపతెగ!" అని ఆయన అరిచేవాడు. మొహం ముందుకు చాచి మరీ అరిచేవాడు.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, "ఎర్రబడుతోంది" అంది.

"బతికిపోయాను. ఏదీ, మీది కూడా ఓసారి..." అంటూ బాబాయి వేలు చాచాడు.

మర్నాడు డాక్టరమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది.