ఊదుగొట్టానికి ఇద్దరు

వీధిలో ఆయన్ని కంసాలి అనేవాళ్లకంటే 'ఊదుగొట్టం' అనేవాళ్లే ఎక్కువ. ముందుగదిలో దీపం ముందు కూర్చుని, ఇత్తడి గొట్టంతో మంటను సూదిమొనలా సాగదీసి, చెవిదుద్దులకి కాడలు అతికేవాడు. వంటింట్లో ఉన్న భార్యకి ఆ ఊదుడు వినబడితేనే పొద్దు గడిచేది.

ఒకనాడు గొట్టం ఆమె చేతికిచ్చాడు.

"నా బుగ్గలు అరిగిపోయాయే. నీవింకా కొత్తవేగా, ఊదు."

"ఈ వయసులో సరసాలొకటి!" అంటూనే పక్కన చతికిలబడింది. ఆమె ఊదితే, ఆయన గొట్టం మొన తిప్పుతూ, "మెల్లగా... పొయ్యి కాదే అది!" అని కసిరేవాడు. భుజానికి భుజం తగిలేది. ఆమెకదే పండగ. ఆ సంబరంలో ఆయన మేడమెట్లు ఎక్కడం మానేశాడనీ, సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయనీ ఆమె కళ్లకు ఆనలేదు.

వీధి చివర డాక్టరు చేతికి పట్టీ కట్టి చూసి, "బీపీ బంగారంలా ఉంది" అనేవాడు.

"బంగారం సంగతి నన్నడగండి, ఆయాసం సంగతి మీరు చెప్పండి" అనేవాడు ఈయన.

పెద్దాసుపత్రిలో గుండెకి ఎకో తీసిన డాక్టరమ్మ అసలు మాట చెప్పింది.

"దీన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతిపట్టీకి దొరకదమ్మా. గుండె నుంచి ఊపిరితిత్తులకి నెత్తురు మోసే గొట్టాల్లో ఒత్తిడి పెరిగింది. ఎందుకో తేలితేగాని మందు తేలదు. గుండె ఎడమవైపు నీరసించినా పెరుగుతుంది, ఊపిరితిత్తులు చెడినా పెరుగుతుంది. పాత నెత్తురుగడ్డలు అడ్డుపడినా అంతే. వేరే జబ్బులూ తెచ్చిపెట్టొచ్చు. లేదంటే ఆ గొట్టాలే సన్నబడి ఉండొచ్చు."

"ఏదైతే మేలమ్మా?" అని అడిగింది భార్య.

"గడ్డలైతే కొందరికి ఆపరేషన్ చేసి తీసేయొచ్చు."

ఇక ఆమె గడ్డల కోసం మొక్కుకుంది. మొగుడికి ఫలానా రోగమే ఉండాలని కోరుకున్న ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా!

ఊపిరి పరీక్షలు, స్కాన్‌లు అయ్యాక, మెడనరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి ఒత్తిడి కొలిచారు.

"నాకే గొట్టం పెట్టారు చూశావా!" అని బయటికొచ్చి నవ్వాడాయన.

గడ్డలు లేవు. గుండె ఎడమవైపు బాగానే ఉంది. ఊపిరితిత్తులూ చెడలేదు, వేరే జబ్బూ కనబడలేదు. గొట్టాలే సన్నబడ్డాయి.

మందులు కొంతకాలం ఆయన్ని మళ్లీ దీపం ముందు కూర్చోబెట్టాయి. ఆమె ఊదింది, ఆయన తిప్పాడు. చివరి జతలో ఒక దుద్దు పూర్తయింది. రెండోదానికి కాడ అతక్కుండానే ఆయన వెళ్లిపోయాడు.

మరిది పనిముట్లు మూటగడుతుంటే ఆమె ఊదుగొట్టం కొంగులో దాచుకుంది.

"అది కూడా ఇవ్వు వదినా, నీకెందుకు?"

"మిగిలినవి పట్టుకుపో నాయనా. ఇది నాది."

మధ్యాహ్నాలు దీపం వెలిగించుకుని కూర్చుంటుంది. ఊపిరికి లోటు లేదు, మొన తిప్పే వేళ్లే లేవు. మంట ఎటో వంగిపోతుంది. అయినా కావాలనే ఇంకాస్త గట్టిగా ఊదుతుంది, పొయ్యి కాదే అది అని పక్కనుంచి కసురు వినబడుతుందేమోనని.