నూకే బండి, గుంజే బండి

మంగ వ్యానులో ముందు సీటు నాది. సూరత్ లింబాయత్‌లోని మా తెలుగు బడికి పిల్లలతో పాటు నన్నూ మంగే దింపుతుంది. ఆ వ్యానుకి ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది కాబట్టి ఏప్రిల్ నెలలో దాని మీద కూర్చుంటే ఇడ్లీ పాత్ర మీద కూర్చున్నట్టే. అయినా ఆ సీటు ఎవరికీ ఇవ్వను. నేను తెలుగు టీచర్ని, నోరు కాస్త పెద్దదని పేరు కూడా ఉంది. కార్ల గురించి నాకు తెలిసిందల్లా తలుపు దఢాల్న వెయ్యకూడదని మాత్రమే. అలాంటిది ఇవాళ వెనక చక్రాల బండికీ ముందు చక్రాల బండికీ ఉన్న తేడా గురించి ఎవరితోనైనా గంటసేపు వాదించగలను. అదంతా మంగ చలవే.

మంగ సూరత్‌లోనే పుట్టింది. తండ్రి ఆగయ్యది కోరుట్ల పక్క పల్లె. వయసులో ఉన్నప్పుడు జోల్వాలో మరమగ్గాల మీద పనిచేశాడు. మగ్గాల రొదకి చెవులు సగం పోయాక ఆ పని మానేసి, సలాబత్‌పురాలో చీరల మూటలు లాగే చేతిబండి పట్టాడు. బడి వదలగానే మంగ అక్కడికి పరిగెత్తేది. తండ్రి ముందుండి కాడి పట్టి లాగుతుంటే, కూతురు వెనక నుంచి తోసేది. మూటలు మనిషెత్తు ఉండేవి కాబట్టి ఒకరికొకరు కనిపించరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆగయ్య ముందు నుంచి అరిచేవాడు, "ఉన్నవా బిడ్డా?" అని. "ఉన్న బాపూ, నూకుతున్న!" అని వెనక నుంచి ఆ చెవుడుకి వినపడేలా గొంతు చించుకునేది మంగ. ఇప్పటికీ ఆ పిల్ల మామూలుగా మాట్లాడినా వీధి చివరి దాకా వినిపిస్తుంది.

తరవాత దేవదాస్ అని, బడి వ్యాను నడిపే పెద్దాయన ఒకడు మంగకి స్టీరింగు నేర్పాడు. తన చూపు మందగించాక బండి కూడా మంగకే అప్పజెప్పాడు. పేటలో వ్యాను నడిపే ఆడది మంగ ఒక్కతే. మగ డ్రైవర్లు వెనక నుంచి హారను కొట్టి ఆటపట్టించేవాళ్లు. మంగ కిటికీలోంచి తల బయటపెట్టి గుజరాతీలో ఒక్క మాట అనేది. ఆ మాట నేను ఇక్కడ రాయను.

అసలు గొడవ వానాకాలంలో వచ్చింది. ఒక పొద్దున బడికి వెళ్తుంటే మలుపులో స్కూటరువాడు అడ్డంగా దూసుకొచ్చాడు. మంగ పక్కకి తిప్పింది. తడి రోడ్డు మీద వ్యాను వెనక భాగం జర్రున పక్కకి పోయింది. నా ప్రాణాలు అక్కడే పోయాయనుకున్నాను. మంగ మాత్రం బ్రేకు జోలికి పోలేదు. వెనక ఎటు పోతుందో అటే స్టీరింగు తిప్పి, యాక్సిలరేటరు మీద కాలు నెమ్మదిగా సడలించింది. బండి ఒకసారి ఊగి, బుద్ధిగా నిలబడింది. ఎవరికీ గోరంత గాయం కాలేదు. ఒక డబ్బాలోని పప్పన్నం మాత్రం నా చీర మీద పడింది.

ఇదంతా మేడ మీద నుంచి లలితమ్మ చూసింది. మా పేటలో లలితమ్మ మాటకి ఎదురు లేదు. తన మనవరాలు విజయరాణి కూడా ఆ రోజు వ్యానులోనే ఉంది. సాయంత్రానికల్లా తల్లులందర్నీ పోగేసి మంగ గుమ్మం ముందుకొచ్చింది.

"పోరగాండ్లను ఎక్కిచ్చుకొని గిట్ల గిర్రున తిప్పుతరా? ఆడిదానికి బండేందని నేను మొదలే అన్న. సోమారం నుంచి మా పిల్లలు వేరే బండిల పోతరు."

"నేను తిప్పలేదు లలితక్కా. తిరగవోతే ఆపిన" అంది మంగ.

"ఆపినవో, నీ నసీబు బాగుండి ఆగిందో, ఎవలకెరుక?"

నాకు ఒళ్లు మండింది. నేను నోరు చేసుకున్నాను కానీ నా మాట ఎవరు వింటారు? చీర మీద పప్పు మరక పెట్టుకుని వాదిస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.

అప్పుడే గుంపు వెనక నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. పేరు కౌండిన్య. రాజమండ్రి మనిషి, హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొద్దున మా వెనక కారులో వస్తూ జరిగిందంతా చూశాడట. మంగ ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాడు.

"మీరు ఆపిన తీరు చూశానండి. మా కార్ల క్లబ్బులో అలా ఆపగలిగేవాళ్లు తక్కువ. ఈ ఆదివారం హజీరా దారిలో, గోదాముల వెనక సిమెంటు మైదానంలో మాకు కార్ల పోటీ ఉంది. మీ వ్యానుతో రండి" అన్నాడు.

జనం నవ్వారు. లలితమ్మ నవ్వలేదు. మంగని ఎగాదిగా చూసి, "పో మరి. నసీబా, నీ చెయ్యా, ఆడ తేలుతది. గెలిచినవంటే నా మనుమరాలిని నేనే తెచ్చి నీ ముందటి సీట్ల కూసోబెడత. గెలవకుంటే మల్ల మాట్లాడకు" అంది.

ఆ ముందు సీటు నాదని చెప్పే సమయం కాదది.

ఆదివారం ఆగయ్యని, నన్ను ఎక్కించుకుని మంగ బయల్దేరింది. లలితమ్మ మనవరాలితో వేరే ఆటోలో వచ్చింది, కళ్లతో చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు. మైదానం నిండా నారింజ రంగు కోన్లు పెట్టి, వాటి మధ్య మెలికల దారి చేశారు. దాని మీద ట్యాంకరుతో నీళ్లు చల్లారు. ఎవరు తక్కువ టైములో తిరిగొస్తే వాళ్లది గెలుపు. కోను పడితే అయిదు సెకన్లు శిక్ష.

బండ్లని రెండు జట్లుగా విడదీశారు. ఇంజను బలం ముందు చక్రాలకి అందే చిన్న కార్లు ఒక జట్టు. వెనక చక్రాలకి అందేవి ఇంకో జట్టు. వెనక చక్రాల జట్టులో అన్నీ కొండల్లాంటి జీపులే. ఆ ఇరుకు మెలికల్లో అవి పెళ్లిపందిట్లో ఏనుగుల్లా తిరిగాయి. మా వ్యాను సందుల్లో తిరగడానికే పుట్టింది. మలుపు దగ్గర మంగ యాక్సిలరేటరు మీద చిన్నగా కాలు నొక్కేది, వెనక కొంచెం జరిగి ముక్కు తనంతట తానే దారికి తిరిగేది. ఆ జట్టులో మంగదే మొదటి స్థానం. ముందు చక్రాల జట్టులో కౌండిన్య గెలిచాడు.

చివరి పోటీ ఈ ఇద్దరికీ. అందులో ఆ క్లబ్బు వాళ్ల ఆచారం ఒకటి ఉంది. ముందు ఎవరి బండి వాళ్లు నడపాలి. తరవాత తాళాలు మార్చుకుని ఒకరి బండి ఒకరు నడపాలి. రెండు టైములూ కలిపి లెక్క. తాళం ఇచ్చేటప్పుడు బండి గుణం దాచకుండా చెప్పి మరీ ఇవ్వాలి. పోటీలో ఇలాంటి మర్యాద నేనెక్కడా వినలేదు.

సొంత బండ్లలో కౌండిన్య రెండు సెకన్లు ముందున్నాడు. తాళాలు మారాయి.

"మంగ గారూ, ఈ కారులో లాగేవీ తిరిగేవీ ముందు చక్రాలే. రెండు పనులూ ఒకేసారి చెప్తే రెండూ చెయ్యవు. మలుపులో కాలు నొక్కకండి" అన్నాడాయన.

"సరే సార్. నా బండి వెనకకెల్లి నూకుతది. మలుపుల జర నిమ్మలంగ. ఒక్కసారే తొక్కితే తోక తిరుగుతది, భయపడి కాలు తీసినా తిరుగుతది" అంది మంగ.

అలవాటు పడటానికి తలా ఒక చుట్టు ఇచ్చారు. మంగ కౌండిన్య కారు తీసుకుని బాగానే వెళ్లింది. పెద్ద మలుపు రాగానే, వ్యానులో చేసినట్టే కాలు నొక్కింది. కారు తిరగలేదు. ముక్కు తిప్పకుండా తిన్నగా పోయి కోన్ల వరసని తుడిచిపెట్టింది. విన్న మాట చెవిలో ఉంది, కాలికి మాత్రం పాత అలవాటే ఉంది. చుట్టూ నవ్వులు. లలితమ్మ నా వైపు చూసింది.

మంగ దిగి తండ్రి పక్కన వచ్చి కూలబడింది.

"బాపూ, అది తిరుగుతలేదే. నేను నూకుతుంటె అది తిన్నగనే పోతంది."

"నువ్వు నూకుడేంది?" అన్నాడు ఆగయ్య. "గా సారు ముందటికెల్లి గుంజుతదని చెప్పె గదా. గుంజేటోన్ని నేను. సలాబత్‌పురల సందు మలుపుకాడ నేనేం జేస్తుంటి?"

"నాకేం కనబడుతుండె? మూటలు అడ్డముండె."

"ముందుగాల ఆగుతుంటి. కాడి మలుపుతుంటి. తొవ్వ సక్కగైనంక గప్పుడు గుంజుతుంటి. మలుపుకుంట గుంజితే కాళ్లు జారుతయి బిడ్డా, నా కాళ్లు ఎన్నో సార్లు జారినయి. ఇన్నేండ్లు నూకినవు. ఇయాల జర గుంజు."

మంగ తండ్రి పాదాల వైపు చూసింది.

లెక్కకి వచ్చే చుట్టు మొదట కౌండిన్యది. మా వ్యానుని ఎంతో జాగ్రత్తగా నడిపాడు, అబద్ధం చెప్పకూడదు. చివరి మలుపులో మాత్రం తొందరపడి తొక్కాడు. తోక కదిలింది. కదలగానే కాలు తీసేశాడు. ఇంకేముంది, వ్యాను గుండ్రంగా తిరిగి మాకు మొహం చూపించింది. మళ్లీ సర్దుకుని వచ్చేసరికి, మంగ అదే వ్యానులో తీసిన టైము కంటే రెండు సెకన్లు ఎక్కువ పట్టి, ఆయన ముందంజ కరిగిపోయింది. దిగి నవ్వుతూ, "మీరు చెప్పారు, నేను విన్నాను, నా కాలు వినలేదు" అన్నాడు.

ఇక మంగ వంతు. ఆ కారులో కౌండిన్య తీసిన టైముకి దగ్గరగా వస్తే చాలు, గెలుపు మంగదే. ఒక్క కోను పడితే అంతా పోయినట్టే. సోమవారం వ్యాను ఖాళీగా నిలబడుతుంది. ఆగయ్య లేచి గీత దాకా వెళ్లి నిలబడ్డాడు. నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను.

మొదటి మలుపు ముందు కారు నెమ్మదించింది. మరీ నెమ్మదిగా వెళ్తోందని పక్కనెవరో గొణిగారు, వాణ్ని ఉరిమి చూశాను. తిరిగింది. ముక్కు దారికి రాగానే ఒక్క గుంజు గుంజింది, కారు గీత గీసినట్టు పోయింది. ఆగుడు, మలుపుడు, గుంజుడు. ఆగయ్య పెదాలు అవే మాటలు పలుకుతున్నాయి, భుజాలు కూడా కాడి పట్టుకున్నట్టు కదులుతున్నాయి. పెద్ద మలుపు వచ్చింది. ఇందాక కోన్లు ఎగిరింది అక్కడే. మంగ కాలు ఆగింది. కారు కోనుకి బెత్తెడు దూరంలో తిరిగి బయటపడింది. కోను కదలలేదు.

గీత దాటాక టైము చెప్పారు. కారు యజమాని కంటే అర సెకను మాత్రమే ఎక్కువ. రెండూ కలిపితే గెలిచింది మంగ. బడి వ్యాను మంగ! నేను వేసిన ఈలకి చుట్టుపక్కల ఇంజనీర్లంతా తిరిగి చూశారు. తెలుగు టీచర్లకి ఈల రాదని వాళ్లకెవరు చెప్పారో నాకు తెలియదు. సంతోషంతో ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు. కౌండిన్య అందరికంటే ముందొచ్చి మంగకి చెయ్యి కలిపాడు.

గెలిచినవాళ్లు సొంత బండిలో మనుషుల్ని ఎక్కించుకుని మైదానం చుట్టూ నిదానంగా ఒకసారి తిరగాలట. మంగ వ్యాను తలుపు తీసింది. లలితమ్మ విజయరాణి చెయ్యి పట్టుకుని చరచరా నడిచొచ్చింది. ఏమంటుందోనని అందరం చూస్తున్నాం. పిల్లని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు తనే పెట్టింది.

"నసీబు గాదు, నీ చెయ్యే" అంది మంగతో. "రేపటి సంది అందరు నీ బండిలనే పోతరు. ఎవలన్న ఏమన్నంటే నాకు చెప్పు."

అలా నా సీటు పోయింది. పోతే పోయింది. నేనూ ఆగయ్యా వెనక ఎక్కాం. ఆ మనిషి జన్మంతా బండికి ముందే ఉన్నాడు, వెనక కూర్చోవడం ఎరగడు. ముడుచుకుని ఒక మూల కూర్చున్నాడు. వ్యాను కదిలింది. జనం చప్పట్లు, హారన్లు. మంగ కళ్లు దారి మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడకుండానే గొంతెత్తి అరిచింది.

"ఉన్నవా బాపూ?"

ఆగయ్యకి ఈ మాట చక్కగా వినిపించింది. ముందు సీటు వీపుకి రెండు చేతులూ ఆనించి, తన బలమంతా పెట్టి తోస్తూ, మైదానం అదిరేలా జవాబిచ్చాడు.

"ఉన్న బిడ్డా, నూకుతున్న!"