బండి బయల్దేరింది

కొర్నేలి బాబాయ్ అబద్ధం ఆడడు. రాయపూర్ దగ్గర మేముండే క్యాంప్ 2లో మా తెలుగు చర్చికి ఆయన సంఘపెద్ద. ఆడితే బాగుండదు. హథ్‌ఖోజ్‌ పారిశ్రామికవాడలో నరసింగరావు గారి లేత్ వర్క్‌షాపులో డిస్పాచ్ చూసేది కూడా ఆయనే. అక్కడ ఆడకపోతే బాగుండదు.

మేం మిల్లులకు షాఫ్టులు, రోలర్లు చేసిస్తాం. ఏ సరుకూ చెప్పిన రోజుకు తయారవదు. సరుకు కొనే పార్టీ మొదటిసారి ఫోన్ చేస్తే బాబాయ్ కుశలం అడుగుతాడు. రెండోసారి గొంతు పెంచితే కంప్యూటర్లో డిస్పాచ్ బటన్ నొక్కుతాడు. బండి బయల్దేరిందని పార్టీకి మెసేజ్ పోతుంది. సరుకు మాత్రం లేత్ మీదే తిరుగుతుంటుంది. పైగా ఫోన్లో ఆయన "నికల్ గయీ", బయల్దేరిపోయింది, అన్నాడంటే అవతలివాడికి ఇంజను చప్పుడు కూడా వినపడుతుంది. ఆ గొంతంటే ఆయనకు మహా గర్వం.

ఈ మధ్య నరసింగరావు గారికి ఏఐ పిచ్చి పట్టింది. ఎవరో చెబితే ఏజెంట్ అనే ప్రోగ్రాం ఒకటి తెచ్చాడు. పార్టీలు మెసేజ్ పెడితే అదే చదివి, మన సాఫ్ట్‌వేర్లో కావలసిన బటన్ అదే నొక్కి, జవాబు కూడా అదే ఇస్తుంది. కాకపోతే ఏ బటన్ ఎందుకో ఎవరైనా రాసిపెట్టాలి. ఆ రాతను అది వేదవాక్యంలా నమ్ముతుంది. రాయాల్సింది కొర్నేలి, ఎక్కించాల్సింది నేను. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసినవాడికి ఇంతకంటే పెద్ద పని ఇవ్వరు. మెషీన్ పని నేర్చాక డిస్పాచ్ టేబుల్ తీసేస్తానని నరసింగరావు గారు మా ఇద్దరి ముందే చెప్పాడు. అంటే తన కుర్చీని ఎలా తీసేయాలో బాబాయే రాసివ్వాలన్నమాట.

బాబాయ్ భార్య లూసీ పిన్నికి సంగతి ముందే అర్థమైంది. "అంతా రాసీసి ఇచ్చీస్తే ఇంక మీతో పనేటి వాళ్లకి? సగం కడుపులోనే ఉంచుకోండి," అంది.

బాబాయ్ సగం కూడా రాయలేదు. "ఇది డిస్పాచ్ బటన్. పార్టీ అడిగినచో నొక్కవలెను" అని రాసిచ్చాడు. నేను అలాగే ఎక్కించాను. అడిగినవాళ్లందరికీ ఏజెంట్ నొక్కేసింది. మంగళవారం వర్క్‌షాపు తెరుస్తారా అని అడిగినవాడికి కూడా, ఏ ఆర్డరూ ఇవ్వకుండానే, బండి బయల్దేరింది. ఆ పూట నరసింగరావు గారు నన్ను తిట్టిన తిట్లు లేత్ చప్పుడులో కూడా స్పష్టంగా వినపడ్డాయి.

సరిగ్గా రాయండి బాబాయ్ అని వెళ్లి కూర్చున్నాను.

"కొత్త కుర్రోళ్లకి నేను రాసిచ్చేనేట్రా? నా పక్కన కూకుంటే వచ్చీసింది."

"దానికి పక్కన కూర్చోవడం రాదు. బటన్ ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు నొక్కకూడదు, నొక్కితే నిజంగా ఏమవుతుంది, అది రాయండి."

"నిజంగానా?"

"నిజంగానే."

సంఘం మినిట్స్ రాసే చెయ్యి అది. ఒకసారి కాగితం మీద పెన్ను పెట్టాక కల్పించడం దానికి చేతకాదు. ఆయన రాసింది ఇది: "డిస్పాచ్ బటన్ పార్టీకి కోపం వచ్చినప్పుడు నొక్కుతారు. నొక్కితే మెసేజ్ పోతుంది, సరుకు పోదు. సరుకు నిజంగా పోయిందో లేదో గేట్‌పాస్‌లో చూడాలి. గేట్‌పాస్ లేకపోతే పోనట్టే."

ఇంత శుభ్రమైన రాత నేను ఏ కంపెనీ మాన్యువల్లోనూ చూడలేదు. ఎక్కించాను.

మర్నాడు రాయపూర్ రోలింగ్ మిల్లులో కొనుగోళ్లు చూసే మిశ్రాజీ తన రోలర్లు ఏమయ్యాయని మెసేజ్ పెట్టాడు. ఏజెంట్ ఎంతో వినయంగా జవాబిచ్చింది: తమకు కోపం వచ్చినందున డిస్పాచ్ అని నమోదైంది, గేట్‌పాస్ లేదు, కాబట్టి సరుకు ఇక్కడే ఉంది.

నరసింగరావు గారు ఆ జవాబు చూసి బాబాయ్‌ని పిలిచాడు. డిస్పాచ్ అంటే బండి వెళ్లినట్టే అని మార్చి రాయమన్నాడు. రాయకపోతే ఇంటికి పొమ్మన్నాడు.

బాబాయ్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "నోటితో అనమంటే అనీస్తాను బావూ. రాసిమ్మంటే నా వల్ల కాదు."

అయితే నువ్వు రాయరా అని నరసింగరావు గారు నావైపు తిరిగాడు. నేను రాసేవాణ్నే, నాకేం సంఘం లేదు. అంతలో ఫోన్ మోగింది. మిశ్రాజీ. సరుకు ఇంకా మీ దగ్గరే ఉందని మీ మెషీన్ అంటోంది, ఈ మాట నేను మా పెద్దసాబ్‌కి ఎలా చెప్పుకోను, ఆయనకి చెప్పుకోదగ్గ మాట ఒకటి కావాలి, కొర్నేలి భయ్యాకి ఇవ్వండి అన్నాడు.

యజమాని ఫోన్ బాబాయ్ చేతిలో పెట్టాడు. బాబాయ్ కిటికీలోంచి లేత్ మీద తిరుగుతున్న రోలర్‌ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నికల్ గయీ, మిశ్రాజీ."

అవతల మిశ్రాజీ హాయిగా ఊపిరి వదలడం నాకు వినపడింది.

డిస్పాచ్ టేబుల్ అక్కడే ఉంది. కుర్చీకి కొత్త కుషన్ కూడా వచ్చింది. నిజం కావాలన్నవాళ్లకు ఏజెంట్, పెద్దసాబ్‌లు ఉన్నవాళ్లకు బాబాయ్. నిజం కావాలన్నవాళ్లు ఇంకా పెద్దగా రావడం లేదు.

ఆదివారం మా అమ్మ లాక్కెళితే నేనూ చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. సాక్ష్యాల సమయంలో బాబాయ్ లేచి, పోవలసిన ఉద్యోగాన్ని దేవుడు నిలబెట్టాడని అదే గొంతుతో చెప్పాడు. లూసీ పిన్ని ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఎలా నిలబెట్టాడో ఆయన చెప్పలేదు. రాసిమ్మని ఎవరూ అడగలేదు.