కాకరకాయ బ్యాటు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొన్నమొన్నటిదాకా ఒక కథ చెప్పేవారు. చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు నలభై దాటాక టేబుల్ టెన్నిస్ బ్యాటు పట్టుకుని, మూడేళ్లు తిరిగేసరికి ఎవరికీ లొంగని ఒక పెద్దాయన్ని ఓడించి కప్పు కొట్టాడని. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు మా సెక్రటరీగారు నన్ను చూపించి మరీ చెప్పేవారు. ఆ మాస్టారిని నేనే. అందులో కప్పు నిజం. మూడేళ్ల సాధనా నిజం. నేను ఆయన్ని ఓడించానన్నదే నిజం కాదు.

ఎల్బీనగర్‌లో మేం ఫ్లాట్ కొనుక్కున్నప్పుడు మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్నాయి. సాయంత్రం క్లాసులు ముగించుకుని స్కూటర్ మీద ఇల్లు చేరేసరికి కనురెప్పల మీద కూడా సిమెంటు దుమ్ము ఉండేది. రోజంతా నిలబడి పాఠం చెప్పడంతో నడుము పట్టేసింది. కాస్త చెమట పట్టే పనేదైనా చూసుకోమన్నాడు డాక్టరు. సెల్లార్‌లో ఎవరో ఖాళీ చేసి వెళ్తూ వదిలేసిన టేబుల్ ఒకటి ఉండేది. అలా మొదలైంది.

ఆ సెల్లార్ తలుచుకుంటే ముందు వాసన గుర్తొస్తుంది. తడి సిమెంటు, పెట్రోలు, పై అంతస్తులో ఎవరింట్లోనో వేస్తున్న పోపు. టేబుల్‌కి మూడు వైపులా కార్లు. ఎవరైనా గట్టిగా కొడితే బంతి కారు కిందికి పోయేది. దాన్ని తీయడానికి గోడకు ఒక చీపురుకర్ర ఆనించి ఉండేది. కొట్టినవాడే వంగి తెచ్చుకోవాలి, అది రూలు. ఇంకో రూలు కూడా ఉండేది, ఎవరూ పెట్టింది కాదు. ఆడాలనుకున్నవాళ్లు తమ బ్యాటును నీళ్ల సంపు మూత మీద వరసలో పెట్టి పోవచ్చు. పైకెళ్లి టీ తాగి రావచ్చు, ఫోన్ మాట్లాడుకోవచ్చు. మనిషి లేకపోయినా బ్యాటు వరసలో నిలబడి ఉంటుంది. ఒకరి బ్యాటును ఇంకొకరు ముట్టుకోరు.

పెద్దాయన చంపాపేట్ నుంచి వచ్చేవారు. మా అపార్ట్‌మెంట్ లేచిన నేల ఒకప్పుడు వాళ్ల ద్రాక్షతోట. బిల్డర్ దగ్గర తన వాటాకి వచ్చిన ఫ్లాట్లు కిరాయికిచ్చి, సాయంత్రాలు మాతో ఆడేవారు.

"గీ టేబుల్ ఉన్నకాడనే మా బాయి ఉండె సారూ. నడెండకాలం గూడ నిండుగుంటుండె. మీరేమో ట్యాంకర్ల కోసం కొట్లాడుకుంటున్రు" అని నవ్వేవారు.

ఆయన బ్యాటు పాత తువ్వాలులో చుట్టి ఉండేది. ఒకవైపు మామూలు ఎర్ర రబ్బరు. రెండోవైపు నల్లగా, పొడుగాటి మెత్తని బుడిపెలతో కాకరకాయ తొక్కలా ఉండేది. అందరం దాన్ని కాకరకాయ బ్యాటు అనేవాళ్లం. మనం బంతిని ఎటు తిప్పి కొడితే ఆ బుడిపెల నుంచి దానికి ఎదురు తిప్పుడుతో తిరిగొచ్చేది. మనం కొట్టిన ఊపులోనే మళ్లీ కొడితే నేరుగా నెట్‌లో పడేది. దాని ముందు అందరం వెర్రిమొహాలు వేసుకుని నిలబడేవాళ్లం.

నాకు ఆట నేర్పింది ఆయనే. ఆదివారం ఉదయం మిగతావాళ్లు దిగకముందే వచ్చి, ఎర్ర రబ్బరు వైపు తిప్పి పట్టుకుని, నేను కొట్టిన ప్రతి బంతినీ విసుగు లేకుండా తిరిగి పంపేవారు. బంతి తిరగడం కంటికి కనబడాలని దాని సగానికి స్కెచ్ పెన్నుతో రంగు పూశారు.

"చెయ్యి ఊపుతున్నవ్ ఏంది? బోర్డు మీద లెక్క రాస్తున్నవా? నడుం తిప్పు సారూ, నడుం."

"నడుము పట్టేసిందనే కదండీ ఇక్కడికొచ్చింది!"

"పట్టిన నడుం తిప్పితెనే విడుస్తది. కొట్టు."

ఒక వానాకాలం ఉదయం నా బ్యాటు బంతిని రాసుకుంటూ పైకి లేచింది. బంతి నెట్ దాటి, గబుక్కున కిందికి వంగి, టేబుల్ చివర పడి దూసుకుపోయింది. నేను ఊరికే నిలబడిపోయాను. నలభై రెండేళ్ల వయసులో ఒంటికి కొత్త పని వచ్చిన సంతోషం అది. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలిగిన గుర్తు లేదు. ఆయన జేబులోంచి ఇంకో బంతి తీశారు.

ఆ దెబ్బతో సెల్లార్‌లో ఒక్కొక్కరినీ గెలవడం మొదలుపెట్టాను, ఆయన్ని తప్ప. నా తిప్పుడంతా ఆ కాకరకాయ మింగేసేది. దానికి విరుగుడు కూడా ఆయనే చెప్పారు.

"నా మీద తిప్పకు సారూ. నువ్వు తిప్పింది నిన్నే తిప్పలు పెడ్తది. ఊకె అట్ల పంపు. దొరికినప్పుడు లేపు."

నేను వినలేదు. వచ్చిన ఒక్క విద్యనూ పక్కన పెట్టి ఊరికే పంపడం నాకు నామోషీ అనిపించింది.

ఆ ఏడు వినాయక చవితికి అపార్ట్‌మెంట్‌లో పోటీ పెట్టారు. పోటీ సాయంత్రం సంపు మూత మీద బ్యాట్లు వరసగా ఉన్నాయి. ఆయన తన బ్యాటు పెట్టి, పందిట్లో హారతికి వెళ్లారు. సెక్రటరీగారు ఆ బుడిపెల మీద వేలు పెట్టబోయి, రూలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏమండీ మాస్టారూ, అసలు ఇది రూల్స్‌లో ఉందంటారా? ఫిజిక్స్ వాళ్లు, మీరే చెప్పాలి మరి."

ఉంది. నాకు తెలుసు. ఓడిపోయిన ఒకరోజు కోపంగా ఫోన్‌లో వెతికి చదువుకున్నాను. ఆ రకం రబ్బరుకు అనుమతి ఉంది, ఆయన రబ్బరు మీద దానికి ఉండాల్సిన ముద్రా ఉంది. అయినా క్లాసులో మాట్లాడే గొంతుతో చెప్పాను.

"దానికి ఘర్షణ తక్కువండీ. అందుకే తిప్పుడు తిరగబడుతుంది. పోటీల్లో దాన్ని ఒప్పుకోరు."

మొదటి రెండు మాటలూ సరైనవే కాబట్టి మూడోదాన్ని ఎవరూ అనుమానించలేదు. అయినా ఆ బ్యాటు తీయడానికి ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. నేనే తీశాను. దాని తువ్వాలులోనే చుట్టాను. చేతిలో పట్టుకుని ఉండగానే పెద్దాయన ర్యాంప్ దిగి వచ్చారు.

"ఏందిది?"

సెక్రటరీగారు నీళ్లు నములుతూ సంగతి చెప్పారు.

"సారు చెప్పిండా?"

"ఆయనే చెప్పారండీ."

ఆయన నావైపు చూశారు. నేను తువ్వాలు కొస సర్దుతున్నాను.

"అయితే సరే తియ్" అన్నారు.

ఎవరిదో బ్యాటు అడిగి తీసుకుని ఆడారు. ఫైనల్లో నాకు ఎదురుపడ్డారు. ఆయన నేర్పిన దెబ్బ ఒక్కటి కూడా వృథా పోలేదు. కప్పు నాకిచ్చినప్పుడు చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. మోకాలు నొప్పట, అన్నారు ఎవరో.

మెట్రో వచ్చింది. దుమ్ము తగ్గింది. పాత టేబుల్ ఉబ్బిపోతే కొత్తది కొన్నాం. నా ఆట ఇంకా మెరుగుపడింది. ఎవరైనా మెచ్చుకుంటే సగం రంగు పూసిన ఆ బంతి కళ్లముందు తిరిగేది. చంపాపేట్ నాకు పది నిమిషాల దూరం. వెళ్లలేదు.

మొన్నామధ్య మూడో అంతస్తులో దిగిన ఒకతను అలాంటి బుడిపెల బ్యాటే తెచ్చాడు. సెక్రటరీగారు వెంటనే అడ్డుపడ్డారు. "ఇది ఇక్కడ కుదరదు బాబూ. మా మాస్టారు ఎప్పుడో తేల్చేశారు." అతను నవ్వి, "అన్నిచోట్లా ఆడతారు కదండీ" అన్నాడు. అందరూ నావైపు చూశారు. "అప్పట్లో అనుమతి ఉండేది కాదు, తర్వాత రూలు మార్చారేమో" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అబద్ధం ఎంత తేలిగ్గా నోటికొచ్చిందో చూసుకుని నాకే భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే చంపాపేట్ వెళ్లాను. పెద్దాయన మోకాలికి పట్టీతో వరండాలో కూర్చుని ఉన్నారు. టీ వచ్చేదాకా ఆగి, మొత్తం చెప్పాను.

"నాకు ఎర్కనే" అన్నారు. "బ్యాటు అమ్మినాయన గప్పుడే చెప్పిండు, రూల్‌ల ఉన్నదని."

"మరి ఆ రోజు ఎందుకు ఊరుకున్నారు అన్నగారూ?"

"ఏమనాలె? నీకు ఆట నేర్పింది నేనాయె. గీ తెలివి గూడ నేనే నేర్పిన అనుకుంటరని ఊకున్న."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

"ఈడ కూసొని నా చెవుల చెప్తె ఏమొస్తది సారూ? బ్యాటు ఏడికెళ్లి తీసినవో ఆడ చెప్పు."

ఆ సాయంత్రం ఆయన్ని స్కూటర్ మీద తీసుకొచ్చాను. ర్యాంప్ దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నారు. ఆట ఆపించి, అందరి ముందూ చెప్పాను. రూలు నాకు అప్పుడే తెలుసనీ, తెలిసే అబద్ధం చెప్పాననీ, కప్పు నాది కాదనీ.

"అదేంటి మాస్టారూ" అన్నారు సెక్రటరీగారు. "ఇన్నాళ్లూ కనబడినవాడికల్లా చెప్పుకుంటూ తిరిగాను. మీ పరువుతో పాటు నాదీ తీశారు కదండీ!"

పెద్దాయన ఆ మాట పట్టించుకోలేదు. తువ్వాలు విప్పి, కాకరకాయ బ్యాటును సంపు మూత మీద వరస చివర పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన వంతు కోసం చూశారు. ముందు ఆడనివ్వబోతే వద్దన్నారు.

వంతు వచ్చేసరికి అవతలివైపు నేనున్నాను. ఆయన టేబుల్‌కి ఆనుకుని, పాదం కదపకుండా నిలబడ్డారు. నేను అలవాటుగా తిప్పి కొట్టాను. బుడిపెలకు తగిలి నెమ్మదిగా తిరిగొచ్చింది. మళ్లీ తిప్పి కొట్టాను. నెట్‌లో పడింది.

"తిప్పకని ఎన్నడో చెప్పిన."

ఈసారి ఆయన చెప్పినట్టే లేపాను. అలవాటు లేక మరీ ఎక్కువ లేపాను. బంతి ఆయన తల మీదుగా పోయి, ఎగిరెగిరి, కారు కిందికి దూరింది. ఎవరో తేబోయారు.

"ఆగు" అన్నారాయన. "కొట్టినోడే తెచ్చుకోవాలె."

గోడ దగ్గరున్న చీపురుకర్ర అందుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కారు కిందికి వంగాను.