భోజనాల బల్ల మీద యుద్ధం

యుద్ధాల పండితుడంటే మీసం మెలేసే మనిషి అనుకుంటారేమో! మన ప్రొఫెసరు బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కేసే రకం. అయినా రెండు వేల ఏళ్ల నాటి ఒకే ఒక్క యుద్ధానికి ముప్పై ఏళ్లు ధారపోశాడు. సేనాపతి చేతకానితనం వల్లే ఓడారని అందరూ అంటే, కాదు, పారిపోవడం వెనక వరసల్లో మొదలైందన్నాడు. ముందున్నవాడికి శత్రువు కనిపిస్తాడు. వెనకున్నవాడికి ఏమీ కనిపించదు, చెప్పే దిక్కూ ఉండదు. అందుకే వాడు ముందు జారుకుంటాడని ఈయన వాదన.

అది తేల్చడానికి ఇంట్లో ఉన్న ఒక్క భోజనాల బల్లనీ ఆక్రమించాడు. బొత్తాలే సైనికులు. తెల్లవి ఒక పక్షం, నల్లవి ఇంకో పక్షం. "ముట్టుకోకండి, యుద్ధం నడుస్తోంది!" అని ఒకటే గదమాయింపు. భార్యా కూతురూ వంటింట్లో రెండు స్టూళ్లు వేసుకుని తినేవాళ్లు. ఈయన మాత్రం బల్ల అంచున పళ్ళెం పెట్టుకుని, ఒక కన్ను సైన్యం మీదే వేసి తినేవాడు. చోద్యం కాకపోతే ఏమిటి!

పుస్తకం వచ్చింది, పేరొచ్చింది. భార్య పోయింది. కూతురు అదే ఊళ్లో విడిగా ఉంటోంది, ఏడాదికోసారి తొంగిచూస్తే గొప్ప. రిటైరయ్యాక ఇల్లు ఎంత బావురుమందంటే, ఆయన బొత్తాలతో పైకే మాట్లాడటం మొదలెట్టాడు. చివరికి మనసు చిక్కబట్టుకుని ఫోను చేశాడు.

"బల్ల ఖాళీ చేస్తున్నానమ్మా. ఆదివారం భోజనానికి రా, ఇద్దరం కూర్చుని తిందాం."

"చూస్తాలే నాన్నా."

ఆ "చూస్తాలే" పట్టుకుని నాలుగు రోజులు వేలాడాడు. బొత్తాలు డబ్బాలోకి ఎత్తుతుంటే వెనక వరసలో ఒక నీలం బొత్తం దొరికింది. కూతురి స్కూలు కోటుది. సైనికుడు ఒకడు తక్కువయ్యాడని ఆయనే కత్తిరించాడు. ఆ ఏడాదంతా పిల్ల పిన్నీసు పెట్టుకునే బడికెళ్లింది.

ఆదివారం కూతురు వచ్చింది. ఆయన ఆ బొత్తం ఆమె చేతిలో పెట్టి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఆమె కాసేపు చూసి పర్సులో వేసుకుంది. బల్ల మీద ఎదురెదురుగా రెండు పళ్ళేలున్నాయి. తన పళ్ళెంలో వడ్డించుకుని, దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్లి పాత స్టూలు మీద కూర్చుంది.

"ఇటు రామ్మా, బల్ల ఖాళీగానే ఉందిగా!"

"నాకిక్కడే అలవాటు నాన్నా."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆయనకి. తన పళ్ళెం తెచ్చుకుని రెండో స్టూలు లాక్కోబోయాడు.

"అది అమ్మది" అంది తలెత్తకుండా.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి తిన్నాడు.